స్టార్టయిన కారును తోసినవాళ్ళం

మా ఇంటిల్లిపాదీ నాలుగేళ్ళ పాటు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కారు తోశాం. దాని సెల్ఫ్ పాడైంది. బాగుచేస్తానని మెకానిక్ అన్నాడు గానీ ఆ వారం ఎవరికీ తీరిక దొరకలేదు. తర్వాతి వారానికి తొయ్యడం అలవాటైపోయింది. మా ఇంట్లో ఏ పనైనా ఇంతే, నేను అరిచి చెప్పేదాకా ఎవరూ కదలరు. ఈ విషయంలో నేను అరవలేదు, ఎందుకంటే అందరికంటే ముందు అలవాటు పడింది నేనే.

ఎవరి చోటు వాళ్ళది. వెనక ఎడమవైపు బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య. కుడివైపు మా ఆయన. పక్క తలుపుల దగ్గర ఒకవైపు నేను, రెండోవైపు మా తోడికోడలు. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. స్టీరింగు ముందు మా అత్తయ్య. ఆవిడకి లైసెన్సు లేదు, కారు నడపడం రాదు. అందరిలోకీ బరువు తక్కువని ఆవిణ్ణి కూర్చోబెట్టాం. తీరా చూస్తే అంత తెలివైన కాలు ఇంట్లో ఇంకెవరికీ లేదని తేలింది. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన కాలు అది. కారు వేగం అందుకుందని మాకు తెలిసేలోపే ఆ కాలికి తెలిసేది. టక్కున క్లచ్ వదిలేది. కారు ఒకసారి వెక్కి, రెండుసార్లు దగ్గి, వెనకవాళ్ళ మొహాన ఇంత పొగ ఊది లేచి కూర్చునేది. ఆ రొదకి మా పళ్ళూ, వంటింట్లో గిన్నెలూ కలిపి వణికేవి. కారు స్టార్టయిందా లేదా అన్న అనుమానం ఆ వీధిలో ఎవరికీ రాలేదు.

అన్నదమ్ములిద్దరూ ఒకే బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. బావగారు ఓవెన్ ఇన్‌ఛార్జి. మా ఆయన పని బిస్కెట్లు కొరికి, బాగున్నాయనో లేవనో కాగితం మీద రాయడం. దానికి కూడా జీతమిస్తారా అని మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. రెండేళ్ళ క్రితం ఒకరోజు బావగారు కాల్చిన వాయి మొత్తాన్ని మా ఆయన వెనక్కి పంపాడు. కాగితం మీద రాసింది రెండే ముక్కలు: "చప్పుడు లేదు." అంటే కొరికితే కరకరమనలేదని.

"రుచి చూడరా ముందు. రుచెలా ఉంది?" అన్నారట బావగారు, ఫ్యాక్టరీ అంతా చూస్తుండగా.

"రుచి బ్రహ్మాండం. కానీ చప్పుడు లేనిది బిస్కెట్టే కాదు," అన్నాడట ఈ మహానుభావుడు.

అంతే, ఇద్దరికీ మాటలు లేవు. పైవాటాలో వాళ్ళు, కింద మేము. పొద్దున్న ఒకే బల్ల దగ్గర మోచేతులు రాసుకుంటూ టిఫిన్ తింటారు. "వాడికి నీళ్ళు కావాలేమో అడుగు," అని బావగారు అక్కతో అంటారు. అక్క నాతో అంటుంది. నేను మా ఆయనతో అంటాను. ఆయన "అక్కర్లేదని చెప్పు," అంటాడు. ఆ "అక్కర్లేదు" మళ్ళీ వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. ఎవరికీ చెవులు లేక కాదు. ఒళ్ళు మండిపోయేది నాకు.

పొద్దున్న కారు దగ్గర మాత్రం మొండికేస్తే కుదరదు. ఇద్దరూ ఒకేసారి తొయ్యకపోతే ఎవరో ఒకరి నడుం పట్టేస్తుంది. అందుకని బావగారు "ఒకటి... రెండు..." అనేవారు. మా ఆయన "తొయ్యి!" అనేవాడు. ఆ అన్నదమ్ముల మధ్య రోజు మొత్తానికి నడిచే మాటలు అవి మూడే.

ఒకరోజు మేం తోస్తుండగా అత్తయ్య కాళ్ళ కింద రేకు ఊడి రోడ్డు మీద పడింది. ఆవిడ చెప్పుల కాళ్ళు నేలకి ఆనాయి. సీట్లో కూర్చునే పది అడుగులు మాతోపాటు నడిచింది పాపం. ఇక చాలని, ఎలక్ట్రిక్ కారు కొందామని పట్టుబట్టింది నేనే. ఒకళ్ళ మాట ఒకళ్ళకి చేరవేసి ఇద్దరినీ ఒప్పించేసరికి నాకూ అక్కకీ నోరు నొప్పి పుట్టింది.

కారు ఇంటికి తెచ్చిన షోరూం ఆయన సీట్లో కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టి, గుండ్రటి బటన్ నొక్కాడు. టింగ్ అని సన్నగా మోగింది. తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి.

"అయిపోయిందండీ. స్టార్టయింది," అన్నాడు.

"ఏదీ?" అంది అత్తయ్య.

"ఇదే."

"ఏదే?"

మేం ఐదుగురం బానెట్ చుట్టూ మూగి చెవులు ఆనించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్క ముక్కుతో కూడా ప్రయత్నించింది, పొగ వాసన తగులుతుందేమోనని. అత్తయ్య జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చల్లగానే ఉందని తేల్చింది. షోరూం ఆయన ఓపిగ్గా బటన్ మళ్ళీ నొక్కాడు, ఈసారి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, స్టార్టయింది. ఏది ఆగినట్టో ఏది స్టార్టయినట్టో మాకు ముక్క అర్థం కాలేదు. "బాగుందండీ," అని పంపించేశాం.

ఆ సాయంత్రం నేనొక్కదాన్నే కారెక్కి తలుపులు వేసుకుని బటన్ నొక్కాను. నేను తెచ్చిపెట్టిన కారు, దాని సంగతేమిటో నాకైనా తెలియాలి కదా. టింగ్. తర్వాత ఏమీ లేదు. నిద్రలో ఉండగా కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే మెలకువ వస్తుందే, అలాంటి నిశ్శబ్దం. నా గాజులు నాకే వినిపించాయి. గుటక వేస్తే అది కూడా వినిపించింది. సీటు కింద ఏదో ఉంది, ఒక శక్తి లాంటిది, కానీ నేను చెప్పేదాకా నోరు విప్పనని కూర్చుంది. పాత కారయితే నన్ను పట్టించుకోకుండా తన గోల తను పెట్టేది. ఇది నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. పక్కనున్న గేరు మీట కిందికి లాగి పాదం కాస్త ఆనించగానే గోడ మీద పిల్లి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. కదులుతున్నది పిల్లి కాదు నేనని తెలిసి కెవ్వుమన్నాను. ఆ తర్వాత ఒకటే నవ్వు వచ్చింది. చెప్పొద్దూ, నాకు బాగా నచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి అలవాటు కొద్దీ అందరం గేటు ముందు ఎవరి చోట్లలో వాళ్ళం నిలబడ్డాం. బావగారు ఎక్కి బటన్ నొక్కారు. మా ఆయన వెనక సీట్లో ఆ చివరకి వెళ్ళి కూర్చున్నాడు. నన్ను దారిలో పళ్ళ డాక్టరు క్లినిక్ దగ్గర దింపాలి, అక్కడ రిసెప్షన్ నాది. కాబట్టి నేనూ ఎక్కాను. కారు కదిలింది. అక్కా అత్తయ్యా చేతులు ముందుకు చాపి అలాగే నిలబడిపోయారు.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను! పాత కారులో వీళ్ళు మాట్లాడుకోకపోవడం ఎవరికీ వినిపించేది కాదు. కొత్త కారులో స్పష్టంగా వినిపించింది. బావగారు గొంతు సవరించుకుంటే మా ఆయన కిటికీ వైపు తిరుగుతాడు. మా ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటే ఆ చప్పుడుకి బావగారి చెవులు ఎర్రబడతాయి. క్లినిక్ వచ్చేసరికి నాకు తల తిరిగింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళే నాకంటే నయంగా ఉన్నారు.

ఐదు రోజులు గడిచాయి. అత్తయ్య పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, కూరలో అసలు వెయ్యలేదు. ఆరో రోజు మేం వచ్చేసరికి ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"స్టార్టవ్వడం లేదురా. నొక్కాను, చప్పుడు రాలేదు. తొయ్యండి," అంది.

"దీనికి చప్పుడు రాదమ్మా," అన్నారు బావగారు. ఆవిణ్ణి మెల్లగా దింపి, తెర మీది పచ్చ అక్షరాలు చూపించి, కారు తీసుకుని వెళ్ళిపోయారు.

ఏడో రోజూ అదే పాట. ఎనిమిదో రోజూ అంతే. నాకసలే ముక్కు మీద కోపం. ఆ సాయంత్రం వంటింట్లో ఆవిణ్ణి నిలదీశాను.

"చిన్నపిల్లలకి చెప్పినట్టు ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? అది స్టార్టయ్యే ఉంటుంది. చప్పుడు రాదంతే. ఇంత చిన్న విషయం మీకెందుకు ఎక్కట్లేదు?"

ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"నాకు తెలుసే, అది స్టార్టయ్యే ఉంటుందని. ఎక్కి కూర్చున్న మొదటి రోజే తెలిసింది, కాలికి తెలీదూ? ఈ వారంలో వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా అనుకున్నారా చెప్పు. ఆ డొక్కు కారున్నప్పుడు రోజుకి మూడు మాటలు వినేదాన్ని. పెద్దాడివి రెండు, చిన్నాడిది ఒకటి. వాటికోసమే ముందుకెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చునేదాన్ని. నువ్వు మంచి కారే తెచ్చావమ్మా, నిన్నేమీ అనడం లేదు. కానీ నాకిప్పుడు ఆ మూడు మాటలు కూడా లేకుండా పోయాయి."

ఇదంతా నా నిర్వాకమే కదా అనిపించి ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపం కూడా వస్తుంది. ఆ కోపంలోనే షోరూంకి ఫోన్ చేశాను.

"ఏమండీ, మీ కారుని తొయ్యడం ఎలా?"

"ఏమైందండీ? స్టార్టవ్వడం లేదా?"

"బ్రహ్మాండంగా అవుతోంది. తొయ్యడం ఎలాగో చెప్పండి."

"న్యూట్రల్‌లో పెట్టాలండీ. అయితే స్టార్టయి ఉంటేనే న్యూట్రల్ పడుతుంది. లేకపోతే చక్రాలు కదలవు."

"అంటే తొయ్యాలంటే ముందు స్టార్ట్ చెయ్యాలి."

"అవునండీ. కానీ స్టార్టయ్యాక ఎందుకు తోస్తారండీ?"

"మా ఇంటి సంగతి మీకు తెలీదులెండి," అని పెట్టేశాను.

అక్కకి చెబితే ఎగిరి గంతేసింది. మర్నాడు ఏడున్నరకే ముగ్గురం కారు దగ్గర చేరాం. నేను బటన్ నొక్కి, మీట న్యూట్రల్‌లోకి జరిపాను. పచ్చ అక్షరాలు కనబడకుండా అక్క తెర మీద తన తువ్వాలు కప్పింది. అత్తయ్య ఎక్కి సర్దుకుని కూర్చుంది.

"మీరేమీ ముట్టుకోవద్దు అత్తయ్యా. స్టీరింగు తిన్నగా పట్టుకోండి చాలు," అన్నాను.

"నాకు చెప్తున్నావా?" అంది ఆవిడ. నాలుగేళ్ళ అనుభవం మరి.

అన్నదమ్ములు వచ్చారు. నేను మొహం వేలాడేసుకుని, కారు నిజంగానే స్టార్టవ్వడం లేదని, షోరూం వాళ్ళు కాస్త తోసి చూడమన్నారని చెప్పాను. అబద్ధం చెబితే నాకు చెమటలు పడతాయి. అదృష్టం కొద్దీ, కొన్న కారు పాడైందన్న బాధతో పట్టాయని వాళ్ళనుకున్నారు.

"నిన్న బాగానే నడిచిందిగా అని అడుగు," అన్నాడు మా ఆయన నాతో.

"నడిచిందనే చెప్పు," అన్నారు బావగారు అక్కతో.

"ఫ్యాక్టరీకి వేళవుతోంది. తోస్తారా, ఇక్కడే కాపురం పెడతారా?" అని గట్టిగా అరిచాను. దాంతో ఇద్దరూ చొక్కా చేతులు మడిచి వెనక్కి వెళ్ళారు. ఎడమవైపు ఆయన, కుడివైపు ఈయన.

"ఒకటి... రెండు..." అన్నారు బావగారు.

"తొయ్యి!" అన్నాడు మా ఆయన.

అద్దంలోంచి అత్తయ్య మొహం చూశాను. తొమ్మిది రోజుల తర్వాత విన్నది పాపం, కళ్ళు మూసుకుంది. అక్కడితో ఆగి ఉంటే మా పథకం చక్కగా పారినట్టే. కానీ కారు దొర్లగానే ఆవిడ కాలికి పాత పని గుర్తొచ్చింది. ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. అది లేకపోవడంతో బ్రేకును దొరకబుచ్చుకుని నొక్కింది. గేరు వెయ్యడం మర్చిపోయామనుకుని చెయ్యి మీటని కిందికి లాగింది. కాలు టక్కున వదిలింది.

చిన్న కుదుపు. "అందుకుంది!" అని వెనక నుంచి ఇద్దరూ ఒకేసారి అరిచారు. అది మూడు మాటల్లో లేని మాట. ఆ సంబరంలో అత్తయ్య కుడి కాలు కుట్టుమిషను తొక్కినట్టు తొక్కింది.

కారు వెళ్ళిపోయింది. చడీచప్పుడూ లేకుండా, వాళ్ళ చేతుల కిందనుంచి జారుకుని వెళ్ళిపోయింది. ఇద్దరూ పక్కపక్కనే బోర్లా పడ్డారు. లేచి చూసేసరికి కారు సగం వీధి దాటింది. తుర్రుమంది అనడానికి కూడా లేదు, ఆ తుర్రు చప్పుడైనా ఉంటేగా.

"అమ్మా! బ్రేకు!" అంటూ ఇద్దరూ పరుగెత్తారు. వాళ్ళ వెనక నేను, నా వెనక చెప్పులు చేత పట్టుకుని అక్క. వీధిలో ఎవరికీ కారు వస్తున్న సంగతే తెలియదు. ఇస్త్రీ బండి దగ్గర ముగ్గురు నిలబడి తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. హారన్ ఎక్కడుందో అత్తయ్యకి తెలీదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండి! కారొస్తోంది! నేనే తోలుతున్నాను, జరగండి!" అని కేకలు పెట్టుకుంటూ వెళ్ళింది. ఆ చివరి మాట విని జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గోడలెక్కారు. వీధి చివర మలుపు చూసి ఆవిడకి భయమేసి రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుంది. కాలు తీసేస్తే దానంతటదే ఆగే కారది. కుక్కపిల్లలా బుద్ధిగా ఆగింది.

మేం చేరేసరికి ఆవిడ స్టీరింగు పట్టుకుని క్షేమంగా ఉంది. కుంకుమ కూడా చెదరలేదు. అన్నదమ్ములిద్దరూ కారు వెనకభాగానికి ఆనుకుని ఆగారు. పాత కారయితే ఈపాటికి చెవులు పగిలే రొద ఉండేది. బావగారు స్టీరింగు దగ్గరికి, మా ఆయన వెనక సీట్లోకి ఎవరి దారిన వాళ్ళు పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు కారు కిమ్మనలేదు. ఆ నిశ్శబ్దంలో సన్నగా ఒక ఈల వినిపించింది. ఆగుతూ, మళ్ళీ వస్తూ.

మా ఆయన కారు కిందికి వంగి చూశాడు. టైరు దగ్గర చెవి పెట్టాడు. తర్వాత మెల్లగా తల తిప్పి అన్నగారి ఛాతీ వైపు చూశాడు.

"అన్నయ్యా, ఈల నీలోంచా వస్తోంది?"

బావగారు అటూ ఇటూ చూశారు, ఎవరితో చెప్పించాలా అని. అక్క ఇంకా వెనకే ఉంది. నేను కావాలనే చెప్పుకి ముల్లు గుచ్చుకున్నట్టు కిందికి వంగాను.

"ఏం లేదురా. కాస్త ఆయాసం," అన్నారు చివరికి.

"ఎప్పట్నుంచి?"

"ఏడాదైంది. ఓవెన్ దగ్గర పిండి దుమ్ము పడట్లేదట. డాక్టరు మందిచ్చాడు, పీలుస్తున్నాను."

"ఏడాదా! ఏడాదిగా పక్కనే నిలబడి తోస్తున్నానే, నాకు వినిపించలేదే?"

"ఆ డొక్కు కారు గోలలో ఏం వినిపిస్తుందిరా?"

"నాతో చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? మీ వదిన మీ ఆవిడకి చెప్పి, మీ ఆవిడ నీకు చెప్పి... ఊపిరాడట్లేదన్న మాట అలా చెప్పి పంపేదా?"

"ఆయాసం పెట్టుకుని రోజూ కారెందుకు తోశావు? మానెయ్యాల్సింది."

"మానేస్తే నువ్వు 'తొయ్యి' అని ఎవరితో అంటావు?"

నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు. మా ఇంట్లో మగవాళ్ళకి కూడా ఏడుపు వెనకే కోపం వస్తుందని అప్పుడే తెలిసింది.

"ఇంత ప్రేముంటే ఆ రోజు అందరి ముందూ నన్ను నానా మాటలూ ఎందుకన్నావు?" అని గయ్యిమన్నాడు.

"నువ్వు నా వాయి వెనక్కెందుకు పంపావు?"

"చప్పుడు లేదు కాబట్టి పంపాను!"

"ఇదిగో, దీనికీ లేదు చప్పుడు!" బావగారు కారు మీద ఒక్కటి చరిచారు. "మరి కారు కాదా ఇది? అమ్మనెక్కించుకుని ఎలా పారిపోయిందో చూశావుగా!"

"కారుని కొరుక్కు తింటామా అన్నయ్యా?"

"నీకు కొరకడం తప్ప ఇంకేం తెలుసురా?"

ఇక మొదలైంది. బిస్కెట్ల దగ్గర్నుంచి చిన్నప్పుడు ఎవరు ఎవరి పలక పగలగొట్టారన్న దాకా పోయారు. గోడలెక్కినవాళ్ళు దిగకుండా అక్కడే కూర్చుని వింటున్నారు. అక్క రొప్పుతూ వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వేళ మించిపోతోంది, నా క్లినిక్ ముందు జనం పళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారు. ఇద్దరినీ నాలుగు కేకలేసి ఆపుదామని అడుగు ముందుకేశాను. కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆపకే," అంది అత్తయ్య. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు. "ఎన్ని మాటలో చూడు. రెండేళ్ళవి కదా, రానీ."

నేను అటు తిరిగి వెళ్ళి ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాను. వెనక కిటికీల అద్దాలు రెండూ కిందిదాకా దించాను.